గట్టిపడని ఫడ్జ్: కాటా, థర్మామీటర్ పెట్టి సరిచేసిన డైరీ

ఫడ్జ్ అంటే పాలు, చక్కెర పాకం పట్టి, వెన్న వేసి చేసే మిఠాయి. దాని ముక్క కోస్తే అంచు నిలవాలి. పోసిన మర్నాడు కూడా చాకుకి అంటుకుని సాగుతుంటే తేడా ఎక్కడ వచ్చిందో తేల్చుకోవడానికి రాసుకున్న నోట్సు ఇది. "ఇంకాస్త ఉడికించి చూడండి" అని అందరూ అంటారు. ఆ కాస్త ఎంతో, ఉడికించినా గట్టిపడకపోతే తర్వాత ఏం చూడాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ప్రతి దశలోనూ గిన్నెను కాటా మీద పెట్టి తూచాను. ఈ తూకాలే దారి చూపించాయి.

గట్టిపడకపోవడానికి ప్రధానంగా రెండు కారణాలు. ఒకటి, నీరు ఎక్కువ మిగలడం. రెండు, నీరు సరిపోయినా చక్కెర స్ఫటికాలు కట్టకపోవడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, మందు మాత్రం వేరు. ముందు ఏది జరిగిందో తెలియకుండా మళ్లీ పొయ్యి మీద పెడితే ఉన్న సరుకు కూడా పాడవుతుంది.

మొదటి మోతాదు, సామాను

చక్కెర 400 గ్రా.
వెన్న తీయని పాలు 160 మి.లీ. (165 గ్రా.)
కోకో పొడి 30 గ్రా.
వెన్న 30 గ్రా., దించాక వేయడానికి
చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల వెనిల్లా

అడుగు మందంగా ఉన్న 3 లీటర్ల గిన్నె, చెక్క గరిటె, గిన్నె అంచుకు తగిలించే ముల్లు థర్మామీటర్, సన్నటి మొన ఉన్న డిజిటల్ థర్మామీటర్, 5 కిలోల దాకా తూగే డిజిటల్ కాటా. గిన్నె పెద్దదే కావాలి. పాలు, చక్కెర కలిసి పొంగితే మూడింతలు పైకి వస్తాయి.

వేడి గిన్నెను నేరుగా కాటా మీద పెట్టకూడదు. పైన చెక్క పలక పెట్టి సున్నా చేసుకోవాలి, లేకపోతే వేడికి అంకెలు కదులుతాయి. గిన్నె, గరిటె కలిపి ఖాళీ తూకం 1,310 గ్రా. కింద రాసినవన్నీ అది తీసేశాక వచ్చిన అంకెలు.

నీటి లెక్క ఇలా వేసుకున్నాను. పాలలో సుమారు 87 శాతం నీరే, అంటే 165 గ్రాముల పాలలో 143 గ్రా. నీరు, 22 గ్రా. పాల ఘనపదార్థం. ఫడ్జ్‌కి కావలసిన మెత్తటి ఉండపాకంలో చక్కెర దాదాపు 85 శాతం ఉంటుంది. పాలలోని చక్కెరతో కలిపి ఇక్కడ చక్కెర 408 గ్రా. కాబట్టి చివరికి 72 గ్రా. నీరు మిగలాలి, 71 గ్రా. ఆవిరైపోవాలి.

లక్ష్యం: పొయ్యి ఎక్కినప్పుడు 595 గ్రా., దిగేటప్పుడు 524 గ్రా.

దశ 1: సాగే ట్రే

ఉండపాకం వచ్చేది 114 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాబట్టి, ముల్లు థర్మామీటర్ 114 చూపగానే దించాను. వెన్న పైన వేసి, కదపకుండా చల్లారనిచ్చి, చెక్క గరిటెతో బాగా గిలక్కొట్టి ట్రేలో పోశాను. మర్నాటికి పైన పల్చటి పొర కట్టింది, లోపల మాత్రం మెత్తగా ఉంది. ట్రే ఒక పక్కకు వంచితే మొత్తం నెమ్మదిగా అటు జరిగింది. కోసిన గీత కాసేపటికి పూడుకుపోయింది.

దించేటప్పుడు రాసుకున్న తూకం 551 గ్రా. లక్ష్యం కంటే 27 గ్రా. ఎక్కువ.

నీటి లెక్క: వేసింది 143, పోయింది 44, మిగిలింది 99.
చక్కెర ఖర్చు ఇప్పటికి: 400 గ్రా.

99 గ్రాముల నీటిలో 408 గ్రా. చక్కెర అంటే 80 శాతం చిల్లర. అది ఉండపాకం కాదు, తీగపాకం దాటి కొంచెం ముందుకు వచ్చినది. గంటసేపు గిలక్కొట్టినా ఇది సరిగ్గా గట్టిపడదు. ఎందుకంటే స్ఫటికాలు కట్టినా వాటి మధ్య నీళ్లపాకం ఎక్కువగా మిగిలిపోతుంది. మరి థర్మామీటర్ 114 ఎందుకు చూపింది?

దశ 2: థర్మామీటర్ల పరీక్ష

1. గిన్నెలో నీళ్లు తెర్లే దాకా మరిగించాను.
2. రెండు థర్మామీటర్ల మొనలూ నీళ్లలో మునిగేలా, అడుగుకు తగలకుండా పట్టుకున్నాను.
3. అంకె నిలకడగా నిలిచే దాకా ఆగి రాసుకున్నాను.

ముల్లుది 103. డిజిటల్‌ది 100. ముల్లుది 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోంది, అంటే అది 114 అన్నప్పుడు పాకం నిజంగా 111 దగ్గరే ఉంది. తూకంలో తేలిన 27 గ్రాములు ఆ 3 డిగ్రీలవే. ఈ మోతాదులో ఆ చివర్లో ఒక్క డిగ్రీ అంటే సుమారు 9 గ్రాముల నీరు. ఫడ్జ్‌లో ఒకటి రెండు డిగ్రీలను పట్టించుకోవలసింది అందుకే.

సముద్ర మట్టానికి ఎత్తున ఉన్న చోట నీళ్లే 100 కంటే ముందు మరుగుతాయి. సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. అక్కడ 114 దాకా ఉడికిస్తే పాకం ముదిరిపోతుంది. కాబట్టి 114 అనే అంకెను బట్టీ పట్టకుండా, మీ థర్మామీటర్ మరిగే నీళ్లలో చూపిన అంకెకు 14 కలుపుకోండి. ఎత్తు వల్ల వచ్చిన తేడా అయినా, థర్మామీటర్ లోపం అయినా ఈ ఒక్క లెక్కలో సర్దుకుపోతుంది.

మొన ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. డిజిటల్ మొనను అడుగుకు ఆనిస్తే అంకె ఎక్కువ చూపింది, కొంచెం ఎత్తగానే దిగింది. పాకంలో సగం లోతున, గోడకు తగలకుండా ఉంచాలి.

థర్మామీటర్ మీద నమ్మకం కుదరకపోతే చల్లటి నీళ్ల పరీక్ష ఉండనే ఉంది. పాకం చుక్క గిన్నెడు చల్లటి నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరికి చేర్చాలి. 108 దగ్గర అది నీళ్లలోనే చెదిరి కరిగిపోయింది. 111 దగ్గర వేళ్లకు అందింది కానీ బురదలా జారింది, ఉండ చేయబోతే రూపం నిలవలేదు. 114 దగ్గర నీళ్లలో గుండ్రటి ఉండ అయింది. బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంటే తన బరువుకి తానే మెల్లగా చదునైంది, వేలితో నొక్కితే గుంట పడింది. ఇదే ఫడ్జ్‌కి కావలసిన పాకం. బయటికి తీశాక కూడా ఉండ గుండ్రంగానే నిలబడితే ముదిరినట్టు. చుక్క తీసేటప్పుడు మంట ఆపేయాలి, లేకపోతే పరీక్ష జరుగుతుండగానే పాకం ముందుకు వెళ్లిపోతుంది.

దశ 3: గట్టిపడింది, కానీ పలుకు

డిజిటల్‌తో 114కి దించాను. తూకం 525 గ్రా.

నీటి లెక్క: వేసింది 143, పోయింది 70, మిగిలింది 73.
చక్కెర ఖర్చు ఇప్పటికి: 800 గ్రా.

ట్రేలో గట్టిగా నిలిచింది, కోస్తే అంచు పదునుగా వచ్చింది. నీటి సంగతి తేలిపోయింది. అయితే నోట్లో వేసుకుంటే ఇసుకలా కరకరలాడింది. కారణం గిన్నె గోడల మీద కనిపించింది. పొంగి దిగిన చోట తెల్లటి గరుకు పొర ఉంది, అదంతా చక్కెర. పోసేటప్పుడు గరిటెతో గోడలు గీకితే ఆ పలుకులు పాకంలో పడ్డాయి. వేడి పాకంలో ఒక్క పలుకు పడ్డా దాని చుట్టూ మిగతా చక్కెర పేరుకుని పెద్ద స్ఫటికమవుతుంది.

పలుకును ఆపడానికి గ్లూకోజ్ సిరప్ వేయాలని చాలా చోట్ల చెబుతారు. ఎంత వేస్తే ఏమవుతుందో చూడాలనుకుని ముందు ఎక్కువే వేశాను.

దశ 4: తూకం సరిపోయింది, అయినా గట్టిపడలేదు

గ్లూకోజ్ సిరప్ 80 గ్రా. కలిపాను. అందులో సుమారు 64 గ్రా. చక్కెరలు, 16 గ్రా. నీరు. లెక్క మారింది: పొయ్యి ఎక్కినప్పుడు 675, దిగేటప్పుడు 599 రావాలి.

దించిన తూకం 600 గ్రా.

నీటి లెక్క: వేసింది 159, పోయింది 75, మిగిలింది 84.
చక్కెర ఖర్చు ఇప్పటికి: 1,200 గ్రా.

నీరు ఉండవలసినంతే ఉంది. 45 డిగ్రీలకు చల్లార్చి గిలక్కొట్టడం మొదలుపెట్టాను. పావుగంట దాటినా మెరుపు పోలేదు. గరిటె ఎత్తితే పట్టీలా సాగి కిందకు దిగింది. ట్రేలో పోస్తే చిక్కటి, నునుపైన, సాగే మిఠాయి అయింది. రుచి బాగుంది, ఫడ్జ్ మాత్రం కాదు.

ఈ దశను వివరంగా రాయడానికి కారణం ఉంది. దీన్ని చూసి చాలామంది "నీరు ఎక్కువైంది" అనుకుని మళ్లీ మరిగిస్తారు. మరిగిస్తే ఇంకా గట్టిగా సాగే మిఠాయి అవుతుంది తప్ప ఫడ్జ్ అవదు. మామూలు చక్కెర అణువులు ఒక క్రమంలో పేర్చుకుంటేనే స్ఫటికం కడుతుంది. గ్లూకోజ్ సిరప్‌లోని వేరే రకం అణువులు ఆ వరుసలోకి ఇమడవు, అడ్డం పడతాయి. కొంచెం ఉంటే స్ఫటికాలు చిన్నవిగా ఆగుతాయి, మరీ ఎక్కువైతే కట్టడమే కష్టమవుతుంది. నిమ్మరసం, క్రీమ్ ఆఫ్ టార్టార్ లాంటి పులుపు వేసి ఎక్కువసేపు మరిగించినా ఇదే జరుగుతుంది. పులుపు చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. పైగా పాలు విరిగే ప్రమాదం కూడా ఉంది కాబట్టి పాలతో చేసే ఫడ్జ్‌లో నిమ్మరసం జోలికి నేను వెళ్లను.

రెండు రకాలను విడదీసే గుర్తు ఇది. నీరు ఎక్కువైన ఫడ్జ్ వంచితే జారుతుంది, వేలితో నొక్కితే తడిగా, ముద్దగా తగులుతుంది. స్ఫటికం కట్టనిది మెరుస్తుంది, లాగితే తీగలా సాగుతుంది.

దశ 5: గ్లూకోజ్ తగ్గించి, పాకాన్ని మూడుగా పంచి

గ్లూకోజ్ 20 గ్రాములకు తగ్గించాను. పొయ్యి ఎక్కినప్పుడు 615, దిగేటప్పుడు 543 రావాలి. సరిగ్గా 543కే దిగింది.

నీటి లెక్క: వేసింది 147, పోయింది 72, మిగిలింది 75.
చక్కెర ఖర్చు ఇప్పటికి: 1,600 గ్రా.

ఈసారి గోడల మీద పొర కట్టకుండా, మరుగు మొదలవగానే 3 నిమిషాలు మూత పెట్టాను. మూతకు పట్టిన ఆవిరి కిందకు జారి గోడలను కడిగేసింది. తర్వాత మూత తీసేసి, ఇక గరిటె పెట్టలేదు. సన్నటి మంట మీద అడుగంటలేదు. మూత వద్దనుకునేవాళ్లు తడి బ్రష్‌తో గోడలు తుడవచ్చు.

పాకాన్ని మూడు గిన్నెల్లోకి సమానంగా పంచాను. అడుగు, గోడలు గీకలేదు. ఒక్కోదాని మీద 10 గ్రా. వెన్న.

మొదటి గిన్నె: 80 డిగ్రీల దగ్గరే గిలక్కొట్టాను. త్వరగా మెరుపు పోయి గట్టిపడింది. పలుకు మాత్రం దశ 3లో లాగే. వేడిలో కదిపితే స్ఫటికాలు తక్కువ సంఖ్యలో మొదలై పెద్దవిగా పెరుగుతాయి.

రెండో గిన్నె: 45 డిగ్రీల దాకా ముట్టుకోలేదు. తర్వాత చెక్క గరిటెతో ఆపకుండా 12 నిమిషాలు. దీని సంగతి కింద.

మూడో గిన్నె: అసలు గిలక్కొట్టలేదు. మర్నాటికి జిగటగా, మెరుస్తూ ఉంది, వెన్న పైన వేరుగా తేలింది. తర్వాత అక్కడక్కడా గట్టి గడ్డలు కట్టాయి, మధ్యలో పాకం పాకంగానే ఉంది.

రెండో గిన్నెను దగ్గరగా చూస్తూ రాసుకున్నాను. మొదటి ఐదు నిమిషాలు నల్లగా, అద్దంలా మెరుస్తూ, గరిటె తిప్పిన గీత వెంటనే మూసుకుంది. ఏడో నిమిషానికి చేతికి బరువు తెలిసింది, రంగు ఒక ఛాయ తేలికైంది. పదో నిమిషానికి గరిటె వెనకాల గీత నిలబడటం మొదలైంది, అంచుల దగ్గర మెరుపు తగ్గింది. పన్నెండో నిమిషంలో థర్మామీటర్ పెడితే, అప్పటిదాకా దిగుతూ వచ్చిన వేడి ఆగి డిగ్రీ పైగా పెరిగింది. స్ఫటికాలు కట్టేటప్పుడు వేడి బయటికి వస్తుంది, దానికి ఇది రుజువు. ఆ క్షణంలోనే ట్రేలో పోసేయాలి. ఇంకో నిమిషం ఆలస్యమైతే గిన్నెలోనే గడ్డకడుతుంది.

నా లెక్కలో, నీరు సరిపోయి గ్లూకోజ్ మించని ఫడ్జ్ గట్టిపడకపోతే మొదట అనుమానించవలసింది ఇక్కడే, మెరుపు ఉండగానే చేయి ఆపేశారేమో అని. చేయి నొప్పెడితే ఎలక్ట్రిక్ బీటర్ తక్కువ వేగంలో వాడొచ్చు, కానీ దానితో ఆ చివరి నిమిషం చాలా త్వరగా వచ్చేస్తుంది. చివర్లో గరిటెకు మారడం మంచిది.

దశ 6: దశ 1 ట్రేను బాగుచేయడం

సాగిన ట్రేలో 560 గ్రా. మిగిలింది. వెన్నతో కలిపి అప్పుడు 581 ఉండేది, 554 ఉండాల్సింది. అదే నిష్పత్తిలో ఈ 560 గ్రా. 534కి రావాలి.

1. ట్రేలోదంతా గిన్నెలో వేసి 80 గ్రా. నీళ్లు కలిపాను. మొత్తం 640. తీసేయవలసిన నీటికి ఇంకా నీళ్లు కలపడం వింతగా అనిపిస్తుంది కానీ తప్పదు. కట్టిన పలుకులన్నీ కరగాలి, అడుగంటకూడదు.
2. సన్నటి మంట మీద, మరుగు రాకముందే పూర్తిగా కరిగే దాకా కలిపాను. రెండు వేళ్ల మధ్య చుక్క రుద్దితే గరుకు తగలకూడదు.
3. మూత 3 నిమిషాలు. తర్వాత మూత తీసి 114 దాకా. వెన్న ముందే కలిసి ఉంది కాబట్టి నురగ ఎక్కువ, అడుగంటే భయమూ ఎక్కువ. మంట పెంచకూడదు.
4. 535 గ్రా. దగ్గర దించాను. 45 దాకా కదపలేదు. మెరుపు పోయే దాకా గిలక్కొట్టాను.

గట్టిపడింది. రంగు కాస్త ముదిరింది, పాలు రెండోసారి ఉడికిన రుచి తెలుస్తోంది. కొత్తగా చేసినంత నునుపు లేకపోయినా బాగుంది. మొదటి తూకం రాసుకోనివాళ్లు మూడో మెట్టులో థర్మామీటర్‌నే నమ్ముకోవాలి.

దశ 4 ట్రేకి ఈ వైద్యం పనికిరాదు. 80 గ్రా. గ్లూకోజ్‌ను 400కి 20 అనే పాళ్లలోకి తేవాలంటే మొత్తం చక్కెర 1,600 కావాలి, అంటే ఇంకో 1,200 గ్రా. కలపాలి. దాని బదులు వేడి పాలు కలిపి సాస్‌గా మార్చుకోవడమే మేలు.

ఫ్రిజ్, తేమ

మెత్తటి ఫడ్జ్‌ని ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుంటుంది. అది వెన్న, పాకం చల్లబడటం మాత్రమే. బయట పెట్టిన అరగంటకు మళ్లీ జారింది. అందుకే గట్టిపడిందా లేదా అన్నది గది వేడిలోనే చూడాలి.

గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో చక్కెర ఆ తేమను పీల్చుకుంటుంది. లోపల గట్టిగా ఉండి పైన మాత్రమే జిడ్డుగా తగిలితే అది పాకం తప్పు కాదు, మూత లేకుండా వదిలేయడం వల్ల. అలాంటి రోజు ఒక డిగ్రీ ఎక్కువ ఉడికించి, కోసిన వెంటనే బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో పెడుతున్నాను.

కండెన్స్‌డ్ మిల్క్, చాక్లెట్ కరిగించి చేసే ఫడ్జ్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ గట్టిపరిచేది ప్రధానంగా చాక్లెట్‌లోని కోకో వెన్న, గిలక్కొట్టే పని లేదు. 400 గ్రా. కండెన్స్‌డ్ మిల్క్‌కి 450 గ్రా. డార్క్ చాక్లెట్‌తో నిలబడింది. మిల్క్ చాక్లెట్‌తో అదే కొలతలో మెత్తబడింది. దానికి మాత్రం ఫ్రిజ్ నిజంగానే పనికొస్తుంది.

దశ 7: రెట్టింపు మోతాదు

చక్కెర 800, పాలు 330, కోకో 60, గ్లూకోజ్ 40. పొయ్యి ఎక్కినప్పుడు 1,230 గ్రా., దిగేటప్పుడు 1,086 రావాలి. 1,087 దగ్గర దించాను.

నీటి లెక్క: వేసింది 294, పోయింది 143, మిగిలింది 151.
చక్కెర ఖర్చు ఇప్పటికి: 2,400 గ్రా.

అదే 3 లీటర్ల గిన్నెలో పొంగు అంచు దాకా వచ్చింది, మంట తగ్గించవలసి వచ్చింది. 5 లీటర్లది తీసుకోండి. 45 డిగ్రీలకు చల్లారడానికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. చల్లటి నీళ్లలో గిన్నె పెట్టి తొందరపెడితే అంచులు ముందు బిగుసుకుని మధ్యలో వేడి మిగిలింది, గిలక్కొట్టేటప్పుడు ఆ గడ్డలు కలవలేదు. కాబట్టి నీళ్లలో పెట్టకుండా దానంతట దాన్ని చల్లారనివ్వాలి. చేత్తో గిలక్కొట్టడానికి ఈ పరిమాణం చాలా బరువు. 45 దగ్గర రెండు గిన్నెల్లోకి పంచి, ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి మొదలుపెట్టాను. ఆగిన గిన్నె 40 కిందకు దిగిపోయి గరిటె తిరగనంత గట్టిగా అయింది. దాన్ని వేడి నీళ్ల గిన్నె మీద పెట్టి 45కి తెచ్చాక కదిలింది. మళ్లీ రెట్టింపు చేస్తే గిలక్కొట్టడానికి ఇంకో మనిషి సాయం ఉండాలి.